ఒంటబట్టే వ్యాయామం

అందరికీ నమస్కారం.

వ్యాయామం మీద ప్రసంగం అనగానే కొందరి మొహాలు వాడిపోయాయి. కంగారు పడకండి, ఇక్కడ ఎవరి చేతా గుంజీలు తీయించను.

నడక, ఈత, సైకిల్, డ్యాన్స్... గుండె వేగాన్ని పెంచి కాసేపు నిలబెట్టేవన్నీ ఏరోబిక్ వ్యాయామాలే. ఇవి గుండెకు మంచివని వినీ వినీ ఉన్నారు. మెదడు సంగతి చూద్దాం.

మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంది. కొత్త విషయం గుర్తుండాలంటే అది సరిగ్గా పనిచేయాలి. వయసు మళ్లేకొద్దీ అది కుంచించుకుపోతుంది. అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి ఏడాది పాటు గమనించారు. ఫలితాలు 2011లో వచ్చాయి. ఒక జట్టు వారానికి 3 రోజులు నడిచింది. మొదట 10 నిమిషాలే. వారం వారం పెంచుకుంటూ 40 నిమిషాలకు చేరారు. రెండో జట్టు ఒళ్లు సాగదీసే కసరత్తులు చేసింది. చివర్లో స్కాన్ తీస్తే రెండో జట్టులో హిప్పోక్యాంపస్ సుమారు 1.4 శాతం తగ్గింది, నడిచినవాళ్లలో 2 శాతం పెరిగింది! తర్వాతి పరిశోధనలన్నిటిలో ఇంత పెరుగుదల కనిపించలేదు, నిజమే. తరుగుదల నెమ్మదించినా నాకు అది లాభమే.

ఇక మూడ్. వ్యాయామం చేశాక మనసు తేలికపడటానికి నొప్పిని తగ్గించే ఎండార్ఫిన్లు అనే రసాయనాలే కారణమని చాలాకాలం చెప్పుకున్నాం. కానీ రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి అంత సులువుగా వెళ్లలేవు. ఇప్పుడు పరిశోధకుల చూపు ఎండోకన్నబినాయిడ్ల మీద ఉంది. గంజాయిలోని మత్తు పదార్థం మెదడులో ఎక్కడ పనిచేస్తుందో ఇవీ అక్కడే పనిచేస్తాయి. కాకపోతే వీటిని మన ఒళ్లే తయారుచేసుకుంటుంది, కేసు భయం లేదు.

1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్‌తో ఉన్న, 50 ఏళ్లు దాటిన 156 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి మందు, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ. 16 వారాలు గడిచేసరికి మూడు జట్లూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి. ఇది విని మందులు మానేయకండి, ఆ మాట డాక్టర్‌తోనే తేల్చుకోవాలి.

ఇవన్నీ నెలల తరబడి చేస్తే వచ్చిన ఫలితాలు. ఇష్టం లేని పనిని నెలల తరబడి ఎవరు చేస్తారు? మొదటి రోజే ఆయాసం ముంచుకొచ్చేలా పరిగెత్తామంటే, ఒళ్లు ఆ కష్టాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు బూట్లు కనపడగానే ఏదో ఒక పని గుర్తొస్తుంది. అందుకే వేగం ఎలా ఉండాలంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అలా వారానికి కనీసం 150 నిమిషాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ట్రెడ్‌మిల్ బోరు కొడితే దిగిపోండి. షటిల్ ఆడండి, స్నేహితులతో కబుర్లు చెప్పుకుంటూ గబగబా నడవండి, తలుపేసుకుని డ్యాన్స్ చేయండి.

పొద్దున మంచిదా, సాయంత్రం మంచిదా అని ఎలాగూ అడుగుతారు. మీరు మానకుండా చేయగలిగే టైమేదో అదే మంచిది. ఇక మిగతా ప్రశ్నలు అడగండి.