ఓఆర్‌ఎస్ ఎలా కలపాలో చెప్పే కామిక్: గీసే ముందు, పంచే ముందు

[తెర మీద: ఓఆర్‌ఎస్ ప్యాకెట్, నిండు లీటరు నీళ్ల బాటిల్, స్టీలు గ్లాసు]

వాయిస్: బేదులైన బిడ్డకు తాపే ఓఆర్‌ఎస్ ఇది. 20.5 గ్రాముల ఈ ప్యాకెట్ లీటరు నీళ్ల కోసం చేసింది. దీన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే ఉప్పు ఐదింతలవుతుంది. అది తాగిన బిడ్డకు బేదులు ఎక్కువవుతాయి, రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు. ప్యాకెట్ వెనక ఈ సంగతి సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అనంతపురం ఓపీలో బిడ్డను చంకనేసుకుని క్యూలో నిలబడిన తల్లి దాన్ని చదవదు. అందుకే ఒక్క పేజీ కామిక్. ఏ బొమ్మలు పెట్టాలి, ఎక్కడ బోల్తా కొడతాం, చూద్దాం.

[తెర మీద: ఆరు గడుల పేజీ, ఒక్కో గడీ వెలుగుతూ]

వాయిస్: ఒక గడికి ఒకే పని. ఒకటి, సబ్బుతో చేతులు కడగడం. రెండు, లీటరు బాటిల్ నిండా తాగే నీళ్లు పట్టి శుభ్రమైన గిన్నెలో పోయడం. మూడు, ప్యాకెట్ మొత్తం అందులో వేయడం. నాలుగు, కరిగేదాకా తిప్పడం. ఐదు, మూత పెట్టడం. ఆరు, చెంచాతో తాపడం.

రెండో గడే ఈ పేజీకి ప్రాణం. అందులో మూడు రకాల పాత్రలు వేయకండి. "ఐదు గ్లాసులు" అన్నా లాభం లేదు, ఇంటింటికీ గ్లాసు సైజు మారుతుంది. లీటరు నీళ్ల బాటిల్ మాత్రం కొట్టుకొట్టుకూ దొరుకుతుంది. దాన్నే గీయండి. నీళ్లు మూతి దాకా ఉన్నట్టు నల్లటి గీతతో చూపండి.

[తెర మీద: గాల్లో తేలుతున్న చెయ్యి, పక్కన భుజం దాకా, ముఖంతో సహా గీసిన తల్లి]

వాయిస్: మణికట్టు దగ్గర తెగిన చెయ్యి గీస్తే, బొమ్మలు చదవడం అలవాటు లేనివాళ్ల చూపు పని మీద నిలవదు, తెగిన చేతి మీదే నిలుస్తుంది. కనీసం భుజం, ముఖం ఉండాలి. తల్లి కట్టుకున్న చీర, వంటింటి గట్టు, స్టీలు గిన్నె ఇక్కడివే అయి ఉండాలి.

తప్పు పని గీసి, దాని మీద ఎర్ర ఇంటూ కొట్టే అలవాటు చాలామందికి ఉంది. మానుకోండి. బడికి పోనివాళ్లకు ఇంటూ గుర్తు తెలియకపోవచ్చు. తెలిసినా, ఇంటికి చేరేసరికి గుర్తుండేది తప్పు బొమ్మే. పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) మీ కామిక్ జిరాక్స్ అవుతుంది. అప్పుడు ఎరుపు బూడిద రంగవుతుంది, లేత నీడలు మచ్చలవుతాయి, సన్న అక్షరాల్లో ఒత్తులు పూడిపోతాయి. రంగు తీసేసినా అర్థం చెడని బొమ్మే వాడండి. అక్షరాలు 16 పాయింట్లకు తగ్గనివ్వకండి.

గడుల వరస ఇంకో చిక్కు. రెండు నిలువు వరసల్లో పెడితే కొందరు అడ్డంగా చదువుతారు, కొందరు నిలువుగా. తిప్పడం అయ్యాక ప్యాకెట్ వేసినట్టు అవుతుంది కథ. ఆరు గడులూ ఒకే నిలువు వరసలో, పెద్ద అంకెలతో పెట్టండి.

[తెర మీద: మాట బుడగలు]

వాయిస్: బుడగలో "ద్రావణాన్ని సేవింపజేయవలెను" అని రాస్తే నర్సే నవ్వుతుంది. ఇట్లా రాయండి: "ప్యాకెట్టంతా ఒకేసారి పొయ్యమ్మా." "కక్కుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ నిదానంగా తాపు." ఎనిమిది మాటలు దాటితే బుడగను రెండుగా విడగొట్టండి.

కలిపింది 24 గంటల్లో వాడాలి. దాన్ని బొమ్మలో పెట్టకపోవడమే మేలు. సూర్యుడు, చంద్రుడు, మళ్లీ సూర్యుడు గీస్తే "మూడు పూటలా తాపాలి" అని చదివేస్తారు. ఇది నర్సు నోటితో చెప్పాల్సిన మాట.

బేదులకు ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింకు మాత్రకు మాత్రం బొమ్మ బాగా పనిచేస్తుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల లోపు 10, మొత్తం 14 రోజులు. బేదులు ఆగగానే మాత్రా ఆపేస్తారు. అసలు తంటా అదే. పేజీ అడుగున 14 ఖాళీ గళ్లు గీసి, మొదటి గడిలో నర్సు చేతే పెన్నుతో టిక్కు పెట్టించండి.

[తెర మీద: ఓపీ బెంచీ మీద తల్లి చేతిలో కామిక్]

వాయిస్: పంచే ముందు పరీక్ష. "అర్థమైందామ్మా?" అని అడిగితే "అయింది సార్" అనే వస్తుంది. ముందు మాటల మీద కాగితం కప్పి, "ఈయమ్మ ఏం చేస్తాండాది?" అని అడగండి. తర్వాత ప్యాకెట్, బాటిల్, గిన్నె చేతికిచ్చి "ఇంటికి పోయినాంక ఎట్ల కలుపుతావో చూపించు" అనండి. పది మందిలో ఇద్దరు ఒకే గడి దగ్గర తడబడితే తప్పు ఆ గడిదే. తిరగ్గీసి, కొత్తవాళ్లను అడగండి. అమెరికాలో భద్రతా గుర్తులకు పెట్టుకున్న ఆన్సీ ప్రమాణం 85 శాతం మందికి అర్థం కావాలంటుంది. బిడ్డ నోట్లోకి పోయేదానికి అంతకన్నా తక్కువకు ఒప్పుకోవద్దు.

కామిక్‌ను మందులిచ్చే కిటికీ దగ్గరే ఇవ్వండి, వేలితో ఒక్కో గడీ చూపిస్తూ. మలంలో రక్తం, కళ్లు లోపలికి పోవడం, తాగలేకపోవడం, మత్తుగా పడుండటం... ఇవి కనిపిస్తే కలుపుతూ కూర్చోకుండా ఆసుపత్రికి రావాలని అప్పుడే చెప్పండి.

[తెర మీద: పెద్ద ప్యాకెట్, చిన్న ప్యాకెట్ పక్కపక్కన]

వాయిస్: ఒక్కమాట. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి. వాటిని లీటరులో కలిపితే నీళ్లు తాపినట్టే. స్టాకు మారిన రోజే ప్యాకెట్ వెనక కొలత చూసి, రెండో గడి మార్చిన కాపీలు కిటికీ దగ్గర పెట్టండి. పాతవి అక్కడినుంచి తీసేయండి.