మొదటి టాంగో క్లాసు: స్టెప్పు కంటే ముందు బరువు

హోస్ట్: నమస్కారమండీ. ఈ ఎపిసోడ్ జంటగా ఆడే టాంగో డాన్సు క్లాసులో ఇంకా కాలు పెట్టనివాళ్ల కోసం. తల టక్కున పక్కకి తిప్పే పోటీల టాంగో గురించి కాదు, అర్జెంటీనా టాంగో గురించి మాట్లాడుకుందాం.

టీచర్: ఆ తేడా ముందే చెప్పడం మంచిదైంది. పోటీల టాంగో బ్రిటన్‌లో 1920ల నుంచి నియమాలు కట్టుకుంటూ బాల్‌రూమ్ కోసం తీర్చిదిద్దిన రూపం. బ్యూనస్ ఐరిస్, మాంటెవిడియో నగరాల్లో పుట్టిన టాంగో వేరు. 2009లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది కూడా అదే. అందులో ముందే కుదుర్చుకున్న వరుస ఉండదు. ఏ అడుగు వేయాలో పాట మోగుతుండగానే లీడర్ తేల్చుకుంటారు, ఫాలోవర్ దాన్ని అక్కడికక్కడే అందుకుంటారు.

హోస్ట్: వరుసే లేకపోతే మొదటి రోజు ఏం నేర్పుతారు?

టీచర్: నిలబడటం! నవ్వకండి, నిజంగానే. పాదాలు దగ్గరగా పెట్టి, ఒంటి బరువు మొత్తం ఒక కాలి మీదికి, మళ్లీ రెండో కాలి మీదికి. ఒక పాట పూర్తిగా అదే. బరువు సరిగ్గా మారిందా లేదా అన్నదానికి పరీక్ష చాలా తేలిక. ఖాళీగా ఉన్న పాదాన్ని కాగితం మందాన పైకెత్తాలి. ఒళ్లు పక్కకి ఊగిందంటే బరువు పూర్తిగా మారలేదన్నమాట.

హోస్ట్: కొత్తవాళ్లలో ఎక్కువమంది అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగిపోతారు.

టీచర్: అదే అసలు తంటా. లీడర్ రెండు కాళ్ల మీదా సగం సగం ఉంటే, ఏ కాలు ఖాళీగా ఉందో ఫాలోవర్‌కి తెలియదు. ఊహించి ఒక కాలు తీస్తారు, సగంసార్లు అది తప్పు కాలే అవుతుంది. స్టెప్పు రాలేదని ఇద్దరూ అనుకుంటారు గానీ, తప్పు స్టెప్పుకి ముందే జరిగిపోయింది.

హోస్ట్: ఇక పట్టు. అబ్రాసో అంటారు కదా, చేతులు ఎక్కడ పెట్టాలి?

టీచర్: లీడర్ కుడిచేయి ఫాలోవర్ వీపు చుట్టూ, భుజం రెక్క కింది అంచు దగ్గర. నడుము దగ్గరికి జారకూడదు. ఫాలోవర్ ఎడమచేయి లీడర్ భుజం మీదో, భుజం వెనకో ఉంటుంది. రెండో వైపు చేతులు కలిపి పట్టుకుంటారు, ఫాలోవర్ కంటి ఎత్తుకి మించకుండా. మొదటి వారాల్లో ఛాతీల మధ్య జానెడు ఖాళీ ఉంచుకుంటే చాలు. ఛాతీకి ఛాతీ ఆనించే దగ్గరి పట్టు తర్వాత వస్తుంది, దానికి తొందర లేదు.

హోస్ట్: ఆ కలిపిన చేతులతో తోసేస్తుంటారు చాలామంది.

టీచర్: స్టీరింగ్ తిప్పినట్టు తిప్పేస్తారు! చేత్తో తోస్తే ఫాలోవర్ భుజం బిగుసుకుంటుంది, అక్కడినుంచి ఏ కబురూ కాళ్లదాకా వెళ్లదు. ఆ చేతులు మధ్యలో ఒక కాగితం జారిపడకుండా పట్టుకునేంత ఒత్తిడితో ఉంటే సరి.

హోస్ట్: ఇప్పుడు నడక. నా ఉద్దేశంలో క్లాసు మొత్తం దీనికే ఇచ్చినా తక్కువే.

టీచర్: ఒప్పుకుంటాను. నడకలో వరసగా మూడు జరుగుతాయి. మొదట ఛాతీ కొద్దిగా ముందుకు కదులుతుంది, కాలు ఇంకా కదలదు. అది సూచన. ఆ తర్వాత ఖాళీ కాలు తుంటి నుంచి చాచుకుంటుంది. చివర్లో బరువు ఆ కాలి మీదికి వెళ్తుంది. అడుగు ముగిశాక వెనక కాలు ఈ కాలి చీలమండ పక్కకి వచ్చి చేరాలి. చేరకుండా కాళ్లు ఎడంగా పెట్టి నడిస్తే పడవలో నడుస్తున్నట్టుంటుంది, పైగా తర్వాతి అడుగు ఎటు వేయాలన్నా ఆలస్యమవుతుంది.

హోస్ట్: మోకాళ్లు కొట్టుకోవడం, కాలి వేళ్లు తొక్కడం. ఈ భయంతోనే చాలామంది అసలు రారు.

టీచర్: రెండింటికీ కారణం చాలావరకు ఒకటే. లీడర్ కాలు ముందు కదిలి ఛాతీ వెనకపడటం. ఛాతీ కదిలితేనే గదా వెనక్కి వెళ్లాలని ఫాలోవర్‌కి తెలిసేది? ఛాతీ ఆగి కాలు మాత్రం వచ్చేస్తే, అక్కడ ఇంకా ఫాలోవర్ కాలు ఉంటుంది. ఢీ! దాంతో లీడర్ భయపడి కాళ్లు ఎడంగా, పక్కలకి వేస్తారు. అప్పుడు ఫాలోవర్ పాదాల బయటి అంచుల్ని తొక్కుతారు. మందు దానికి వ్యతిరేకం. తిన్నగా, ఫాలోవర్ పాదం ఖాళీ చేసిన చోటే కాలు పెట్టాలి.

హోస్ట్: కిందికి చూస్తూ నడిస్తే?

టీచర్: తల దాదాపు ఐదు కిలోల బరువు. అది ముందుకి వాలితే ఛాతీ లోపలికి పోతుంది, నడుము వెనక్కి వెళ్తుంది, ఇందాక చెప్పిన ఛాతీ సూచన పోయినట్టే. పాదాలు కనబడకపోయినా ఎక్కడున్నాయో ఒంటికి తెలుసు.

హోస్ట్: ఫాలోవర్ వైపు నుంచి?

టీచర్: వెనక్కి నడవడం మోకాలితో కాదు, తుంటితో. కాలిని తుంటి నుంచి పొడుగ్గా వెనక్కి చాచాలి, ముందు వేళ్లు నేలకి తగలాలి, మడమ చివర్లో దిగాలి. పొట్టి అడుగులు వేస్తే లీడర్ కాలికి చోటుండదు, అప్పుడు మోకాలు తగిలితే తప్పు ఫాలోవర్‌దే. ఇంకోటి, లీడర్ ఏం చేయబోతున్నారో ముందే ఊహించి అడుగు వేయడం. మంచి ఉద్దేశంతోనే వేస్తారు, కానీ అలా వేసిన ప్రతిసారీ లీడర్‌కి ఒక దారి మూసుకుపోతుంది.

హోస్ట్: సంగీతం సంగతి. డ్రమ్స్ ఉండవు కదా, తాళం ఎక్కడ పట్టుకోవాలి?

టీచర్: పియానో ఎడమచేతి స్వరాలు, డబుల్ బాస్. ఆ రెంటిని వెతకండి. బండోనియన్, అంటే అకార్డియన్ లాంటి వాయిద్యం, ఊపిరి పీల్చినట్టు మోగుతుంటే చెవి అటే పోతుంది, కానీ కొత్తవాళ్ల కాలికి ఆసరా బాస్ ఇస్తుంది. నడక బీటు నిమిషానికి సుమారు 60 నుంచి 70, అంటే మామూలు నడక వేగం కంటే నెమ్మదే. హువాన్ దారియెంజో ఆర్కెస్ట్రా రికార్డులతో మొదలుపెట్టండి, తాళం కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. కార్లోస్ ది సార్లి వాద్య పాటలు నిదానంగా, సాఫీగా ఉంటాయి, నడక సాధనకి వాటిని మించినవి లేవు. ఓస్వాల్దో పుగ్లియేసేని కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆయన వేగం సాగుతుంది, ఆగుతుంది. వినడానికి అద్భుతం, కొత్త కాళ్లకి నరకం.

హోస్ట్: ప్రతి బీటుకీ అడుగు వేయాలా?

టీచర్: అక్కర్లేదు. ఎనిమిది బీట్లకి ఒక వాక్యం ముగిసినట్టు వినిపిస్తుంది. అక్కడ ఆగిపోవడం నేర్చుకోండి. ఆగడం తప్పు కాదు, పైగా తప్పిపోయిన బరువుని సరిచేసుకునే సమయం దొరుకుతుంది.

హోస్ట్: ఎనిమిది అంకెల బేసిక్ మాత్రం అందరూ అడుగుతారు.

టీచర్: సరే, లీడర్ వైపు నుంచి చెప్తాను. ఒకటి, కుడికాలు వెనక్కి. రెండు, ఎడమకాలు పక్కకి. మూడు, కుడికాలు ముందుకి, ఫాలోవర్‌కి బయటి పక్కన. నాలుగు, ఎడమకాలు ముందుకి. ఐదు, కుడికాలు దగ్గరికి చేర్చి, ఛాతీని మళ్లీ ఫాలోవర్‌కి ఎదురుగా తెస్తారు. ఫాలోవర్ ఎడమకాలు కుడికాలి ముందునుంచి దాటి నిలబడేది ఇక్కడే. దాన్ని క్రూసె అంటారు. ఆరు, ఎడమ ముందుకి. ఏడు, కుడి పక్కకి. ఎనిమిది, ఎడమ దగ్గరికి.

హోస్ట్: ఆ ఒకటో అంకెతోనే గొడవ.

టీచర్: అవును. హాల్లో అందరూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో వరసగా తిరుగుతుంటారు. మీరు వెనక్కి అడుగేస్తే వెనక వస్తున్న జంటకి తగులుతారు. అందుకే ఒకటి వదిలేసి రెండో అంకెతో మొదలుపెట్టండి. ఇంకా చెప్పాలంటే ఎనిమిదీ బట్టీ పట్టకండి. అయిదు దాకా వచ్చి ముందు జంట అడ్డుంటే ఆరు వేయలేరు, అప్పుడు బట్టీ పట్టినవాళ్లకి ఏం చేయాలో తోచదు.

హోస్ట్: బూట్లు?

టీచర్: రబ్బరు సోలు వద్దు. ఓచో అనే మలుపు అడుగు వేసేటప్పుడు పాదం ముందు భాగం మీద తిరగాలి. సోలు నేలకి అతుక్కుంటే పాదం ఆగుతుంది, ఒళ్లు తిరుగుతుంది, మెలి మోకాలి మీద పడుతుంది. తోలు సోలో, స్వేడ్ సోలో ఉన్నవి వాడండి. మడమ ఎత్తు తప్పనిసరి కాదు, చదునైనవీ చాలు. వెనకపట్టీ లేని చెప్పులు మాత్రం జారిపోతాయి.

హోస్ట్: క్లాసు దాటి మిలోంగాకి, అంటే అందరూ కలిసి టాంగో ఆడే చోటికి, వెళ్తే?

టీచర్: మొదట ప్రాక్టీకాకి, అంటే సాధన కోసం కలిసే చోటికి, వెళ్లండి. అక్కడ మధ్యలో ఆగి అడగొచ్చు, మళ్లీ చేయొచ్చు. మిలోంగాలో నేల మీద నిలబడి పాఠం చెప్పడం మర్యాద కాదు. పిలుపు చూపుతో జరుగుతుంది, దూరం నుంచి కళ్లు కలిస్తే తల చిన్నగా ఊపుతారు. ఇష్టం లేకపోతే చూపు తిప్పుకుంటారు, అందరి ముందూ కాదనాల్సిన పని ఉండదు. పాటలు మూడో నాలుగో ఒక టాండాగా, సాధారణంగా ఒకే ఆర్కెస్ట్రావి వస్తాయి. మధ్యలో కోర్టీనా అని వేరే పాట ముక్క మోగితే అందరూ నేల ఖాళీ చేస్తారు.

హోస్ట్: ఒక పాట అయ్యాక మర్యాదకి థాంక్స్ చెప్తే?

టీచర్: అక్కడితో మీరు ఆ టాండా వదిలేస్తున్నట్టు అర్థం చేసుకుంటారు! అది చివరి పాటయ్యాకే చెప్పాలి. పాటల మధ్య ఊరకే మాట్లాడుకోండి. కొత్త పాట మొదలయ్యాక కూడా కొన్ని సెకన్లు జంటలు కబుర్లు చెప్పుకుంటూనే నిలబడతాయి, వెంటనే కదలనక్కర్లేదు. ముందు జంట కదిలాక మీరూ కదలండి.