టంగ్ మనే డైలాగ్ బాక్సుల నోరు మూయించడం ఎలా

ముందు ఒక శబ్దం వినిపిస్తాను, వినండి. టంగ్. ఇప్పుడు మీలో కొందరు వీడియో వదిలేసి, వెనకాల ఏ విండో తెరుచుకుందా అని చూసుకుని ఉంటారు. ఆ అలవాటు మనకు ఎంతగా పట్టేసిందో చూడండి.

మొన్న ఒక ట్యుటోరియల్ రికార్డ్ చేస్తున్నాను. ఇరవై నిమిషాల టేక్, ఎక్కడా తడబడలేదు, నాకు అలా కుదరడమే గొప్ప. సరిగ్గా చివరి మాటలు చెబుతుంటే నేను వాడే ఒక సాఫ్ట్‌వేర్, పేరు ఎందుకు లెండి, తెర మధ్యలో ఒక చిన్న పెట్టె, అదే డైలాగ్ బాక్స్, తెరిచి టంగ్ మంది. ఏమై ఉంటుందా అని గుండె గుభేలుమంది. తీరా చూస్తే అందులో ఉన్నది 'బ్యాకప్ పూర్తయింది', కింద ఒక ఓకే బటన్. అంతే. పూర్తయితే మంచిదే, దానికి గంట కొట్టాలా? తర్వాత ఎడిటింగ్‌లో చూస్తే నా గొంతు తాలూకు గీతల మధ్య మేకు దిగ్గొట్టినట్టు ఒక గీత నిలువుగా లేచి ఉంది, దాన్ని కోసేద్దామంటే దాంతోపాటు నా మాట కూడా సగం పోతోంది.

ఇలాంటప్పుడు అందరూ చేసే మొదటి పని స్పీకర్ మ్యూట్ చేయడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే అది. పాటలూ పోతాయి, మీటింగులూ పోతాయి. ఇంకొందరు ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్ అంతా గంటసేపు గాలిస్తారు. నేనూ గాలించాను, దొరకలేదు, ఎందుకంటే విండోస్‌లో చాలావరకు ఆ టంగ్ సాఫ్ట్‌వేర్ సొంత శబ్దం కానే కాదు.

అసలు జరిగేది ఇది. ప్రోగ్రామ్ తన పెట్టెను తనే గీసుకోకుండా, 'ఈ మాట చూపించు, ఈ బటన్లు పెట్టు, పక్కన ఈ బొమ్మ పెట్టు' అని విండోస్‌ను అడుగుతుంది. దీనికి మెసేజ్‌బాక్స్ అని ఒక ఫంక్షన్ ఉంది. ఆ బొమ్మను బట్టే శబ్దం వస్తుంది. ఎర్ర గుండ్రంలో ఇంటూ గుర్తు పెడితే క్రిటికల్ స్టాప్ అనే శబ్దం, పసుపు త్రికోణం పెడితే ఎక్స్‌క్లమేషన్, నీలం గుండ్రంలో ఐ అక్షరం పెడితే ఆస్టరిస్క్. అంటే కోడ్ రాసినాయన శబ్దం గురించి ఆలోచించి కూడా ఉండడు, అందంగా ఉందని ఒక బొమ్మ తగిలించాడు, దాని వెనక తోకలా శబ్దం వచ్చేసింది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ప్రశ్న గుర్తు బొమ్మకు విండోస్‌లో మామూలుగా ఏ శబ్దమూ పెట్టి ఉండదు, అందుకని గోల లేని పెట్టె కావాలనుకున్న డెవలపర్లు అక్కడ ప్రశ్నే లేకపోయినా ప్రశ్న గుర్తు పెట్టేస్తుంటారు. ఆ బొమ్మ వాడొద్దని మైక్రోసాఫ్ట్ చెబుతూనే ఉంది, వీళ్లు వాడుతూనే ఉన్నారు.

సరే, పనిలోకి వద్దాం. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. చిన్న రన్ పెట్టె వస్తుంది. అందులో ఎం ఎం ఎస్ వై ఎస్, చుక్క, సి పి ఎల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. సౌండ్ విండో వస్తుంది, పైన సౌండ్స్ అనే ట్యాబ్‌కు వెళ్లండి. ప్రోగ్రామ్ ఈవెంట్స్ అని పొడుగు జాబితా ఉంటుంది, శబ్దం ఉన్నవాటి పక్కన చిన్న స్పీకర్ బొమ్మ కనిపిస్తుంది. ఆస్టరిస్క్ మీద క్లిక్ చేసి, కింద సౌండ్స్ అన్నచోట జాబితాలో అన్నిటికంటే పైనున్న నన్ ఎంచుకుని అప్లై కొట్టండి. నా బ్యాకప్ పెట్టె నోరు అక్కడితో మూతపడింది. ఏది దేని శబ్దమో తెలియకపోతే పక్కనే టెస్ట్ బటన్ ఉంది, ఒక్కొక్కటే నొక్కి వినండి.

ఇంతటితో లేచి వెళ్లిపోకండి. అదే విండోలో సేవ్ యాజ్ నొక్కి దీనికి ఒక పేరు పెట్టండి, ఎందుకంటే రేపు మీరు వాల్‌పేపర్ బాగుందని థీమ్ మార్చారనుకోండి, థీమ్‌తో పాటు దాని శబ్దాల పద్ధతి కూడా వచ్చేస్తుంది, మళ్లీ టంగ్. పేరు పెట్టి దాచుకుంటే ఒక్క క్లిక్‌లో మీది మీకు తిరిగి వస్తుంది.

అన్నీ కలిపి తగ్గిస్తే చాలనుకునేవాళ్లు వాల్యూమ్ మిక్సర్ తెరవండి. 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి సిస్టమ్ సౌండ్స్‌కు అక్కడ విడిగా, వాల్యూమ్ జరుపుకునే ఒక గీత ఉంది. పాట వాల్యూమ్ అలాగే ఉంటుంది, గంటలు మాత్రం తగ్గుతాయి. మ్యాక్‌లో అయితే సౌండ్ సెట్టింగ్స్‌లో అలర్ట్ వాల్యూమ్ వేరుగా ఉంటుంది, లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్లకు కూడా సౌండ్ సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. మ్యాక్ అన్నాను కాబట్టి ఒక ముచ్చట. 1991లో మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిన సిస్టమ్ 7తో వచ్చిన ఒక అలర్ట్ శబ్దం పేరు సొసుమి. బీటిల్స్ బ్యాండ్ వాళ్ల సంగీత కంపెనీ ఆపిల్ కోర్‌కూ కంప్యూటర్ ఆపిల్‌కూ అప్పట్లో సంగీతం విషయంలో కోర్టు గొడవ నడుస్తోంది. ఈ శబ్దం తయారుచేసిన జిమ్ రీక్స్ దానికి పెట్టిన పేరు విని జపనీస్ మాట కాబోలు అనుకోవాలి, గబగబా పలికితే మాత్రం ఇంగ్లిష్‌లో 'సో స్యూ మీ', అంటే కావాలంటే కేసు వేసుకో అని!

మరి అన్నీ ఆపేయాలా అంటే, నేను ఆపను. కంప్యూటర్‌లో గంట అనేది టెలీప్రింటర్ల కాలం నుంచే ఉంది. 1963లో వచ్చిన ఆస్కీ కోడ్‌లో, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో నంబర్ ఇచ్చే పట్టికలో, 7వ నంబర్ అసలు అక్షరం కాదు, గంట కొట్టమనే ఆదేశం. మిషన్ దగ్గర మనిషి లేడు, పక్క గదిలో ఉన్నాడు, పిలవాలి, అందుకు గంట. ఆ లెక్క ఇప్పటికీ సరిపోతుంది. పెద్ద ఫైల్ కాపీ పెట్టి నేను వంటింట్లోకి వెళ్లాను, మధ్యలో డిస్క్ నిండి ఆగిపోయింది, అప్పుడు గట్టిగా కొట్టాలి. అందుకే నా సిస్టమ్‌లో క్రిటికల్ స్టాప్ అలాగే ఉంచాను. ఎదురుగా కూర్చుని నేనే క్లిక్ చేసిన పనికి గంట ఎందుకు? ప్రతిదానికీ కొడితే 'నాన్నా పులి' కథలాగే అవుతుంది, నిజంగా ఎర్ర పెట్టె వచ్చిన రోజు కూడా చదవకుండా ఓకే కొట్టేస్తాం. చెవులు సరిగా వినపడనివాళ్లకైతే శబ్దం వచ్చినప్పుడు స్క్రీన్ మెరిసే ఏర్పాటు విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో, ఆడియో కింద ఉంది.

కోడ్ రాసేవాళ్లు కూడా ఈ ఛానెల్ చూస్తారని కామెంట్లలో తెలిసింది, మీతో ఒక్క మాట. విండోస్ ఫామ్స్‌లో ఒక లైన్ టెక్స్ట్ బాక్స్ పెట్టి, ఎంటర్ నొక్కితే వెతికేలా మీరు రాస్తారు. వెతుకుతుంది, దాంతోపాటు టంగ్ అని కూడా అంటుంది, ఎందుకంటే ఆ ఎంటర్‌ను మీరు వాడుకున్నారని కింద ఉన్న కంట్రోల్‌కు తెలియదు, తనకు పనికిరాని కీ వచ్చిందనుకుంటుంది. కీడౌన్ ఈవెంట్‌లో సప్రెస్‌కీప్రెస్ అన్నదాన్ని ట్రూ చేయండి. ఒక్క లైన్. రోజుకు రెండొందల సార్లు వెతికే మనిషి మీ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని ఉన్నాడు, ఆ పక్క కుర్చీలో ఇంకొకడు కూడా ఉన్నాడు.