కర్ర ఎక్కడ ఆగింది?

అందరికీ నమస్కారం. ముందే చెప్తున్నా, బరంపురంలో పెరిగిన నోరు కాబట్టి మధ్యమధ్యలో ఒడియా ముక్కలు దొర్లుతాయి, సర్దుకోండి. ఇక్కడ ఠాకురాణీ అమ్మవారి యాత్రలో పులివేషాల వెనక ఢోల్ కొట్టేవాళ్ళున్నారు, పెళ్ళి బ్యాండులో సైడ్ డ్రమ్ వాయించేవాళ్ళున్నారు, మృదంగం నేర్చుకుంటున్న పిల్లలున్నారు, పర్లాకిమిడి వైపు నుంచి డప్పు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంతమందికీ పనికొచ్చేది ఒక్కటే ఉంది నా దగ్గర. దెబ్బ పడేముందు చెయ్యి ఎంత ఎత్తులో ఉంది, పడ్డాక ఎక్కడ ఆగింది అన్నది చూసుకోండి.

చప్పుడు పెద్దగా రావాలనగానే మనవాళ్ళకి భుజం బిగుస్తుంది, పిడికిలి బిగుస్తుంది, పది నిమిషాలకి మణికట్టు లాగేస్తుంది. ఊరేగింపేమో ఇంకా సగం దూరం కూడా పోయి ఉండదు. పెద్ద చప్పుడు బిగువుతో రాదండీ, ఎత్తు నుంచి వస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కర్రని ఊగనిచ్చేంత వదులుగా పట్టుకుని, పైనుంచి పడనిస్తే వాయిద్యం మీది తోలే దాన్ని బంతిలా తిరిగి పైకి పంపిస్తుంది. ఆ తిరిగొచ్చే ఊపుని చంపేసి మళ్ళీ మన బలంతో ఎత్తుతున్నామంటే రెట్టింపు చాకిరీ చేస్తున్నట్టే.

డ్రమ్స్ నేర్పేవాళ్ళు దీన్ని నాలుగు స్ట్రోకులుగా చెప్తారు. పైనుంచి కొట్టి మళ్ళీ పైకే వస్తే ఫుల్, పైనుంచి కొట్టి కిందే ఆగితే డౌన్, కింద నుంచి చిన్నగా కొట్టి పైకి లేస్తే అప్, కిందే కొట్టి కిందే ఉంటే ట్యాప్. అంతే. కానీ ప్యారాడిడిల్ అనే దెబ్బల వరస దగ్గరికి వచ్చేసరికి ఇది ఎందుకు కావాలో తెలుస్తుంది. కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. ప్రతి నాలుగింటిలో మొదటిది గట్టిగా పడాలి. మొదటి కుడి దెబ్బ డౌన్, కొట్టగానే కర్ర తోలుకి దగ్గరగా ఆగిపోవాలి, ఎందుకంటే వెనకాలే అదే చేత్తో రెండు చిన్న దెబ్బలున్నాయి. మధ్యలో వచ్చిన ఆ ఒక్క ఎడమ దెబ్బ అప్, వినపడీ వినపడనట్టు కొట్టి ఎడమ చెయ్యి పైకి లేచిపోవాలి, కుడి చెయ్యి తన రెండూ పూర్తి చేసేలోపు ఎడమ పైన సిద్ధంగా ఉంటుంది. ఇది అర్థం కాక చాలామంది వేగం పెంచగానే ఎనిమిదీ ఒకే మోతాదులో దంచేస్తారు. డీజే బాక్సుల పక్కన అదెలాగూ వినపడదనుకోండి, అది వేరే సంగతి.

ఫ్లామ్, అంటే ఒక చిన్న దెబ్బ, దాన్ని ఆనుకునే ఒక పెద్ద దెబ్బ, అది కూడా ఎత్తుల లెక్కే. ఒక కర్ర పైన, ఒకటి కింద పెట్టుకుని రెండూ ఒకేసారి వదలండి. కిందున్నది ముందు తగులుతుంది, పైది వెంటనే పడుతుంది. ముందొకటి, తర్వాతొకటి అని చేత్తో వేరువేరుగా కొట్టబోతే మాత్రం అది ఫ్లామ్ కాదు, తడబాటు. పెర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ అనే డ్రమ్స్ వాయించేవాళ్ళ సంఘంవాళ్ళు 1984లో ఖాయం చేసిన జాబితాలో ఇలాంటి పాఠాలు 40 ఉన్నాయి, అన్నీ ఈ ఏడాదే నేర్చేసుకోవాలని కంగారు పడొద్దు.

డప్పువాళ్ళు ఇదంతా ఇంగ్లీషు చదువనుకోకండి. మీ కుడిచేతి కర్ర, చిర్ర, పొట్టిగా లావుగా ఉంటుంది, ఎడమచేతి సిటికెన పుల్ల సన్నగా పొడుగ్గా ఉంటుంది. ఎడమ చెయ్యి డప్పునీ మొయ్యాలి, పుల్లనీ ఆడించాలి, కాబట్టి దానికి మణికట్టు ఎత్తే వీలే లేదు, వేళ్ళతోనే పని. మీ ఎడమ చెయ్యి పుట్టుకతోనే ట్యాప్ చెయ్యి అన్నమాట. దరువు బాగుందా లేదా అన్నది నేను ఆ పుల్ల చప్పుడు విని చెప్తాను, చిర్ర విని కాదు. చలికాలం తోలు మెత్తబడితే ఎంత ఎత్తు నుంచి కొట్టినా కర్ర తిరిగి రాదు, ముందు మంట దగ్గర కాచుకోండి.

మృదంగం పిల్లలకి కర్ర లేదు గానీ ఆగడం, వదలడం ఇంకా కీలకం. ఎడమ వైపు మోగే తొం అనే దెబ్బ కొట్టినప్పుడు చెయ్యి ఎడమ మూత మీద ఒక్క క్షణం ఎక్కువ ఉందా, నాదం అక్కడే చచ్చిపోతుంది. కుడి వైపు కొట్టే నం అలా కాదు. ఉంగరపు వేలు కరణి, అంటే మూత మధ్యలో ఉండే నల్లటి పూత, దాని అంచున తేలిగ్గా ఆనించి, చూపుడువేలితో మూత అంచు మీద కొడతారు, ఆ ఆనిన వేలు అడుగు స్వరాన్ని అణిచేస్తే పై స్వరం తేటగా మోగుతుంది. వేలు గట్టిగా నొక్కితే ఏమీ మోగదు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లోనే మన మద్దెలల ధ్వని మీద పరిశోధన ప్రచురించాడు. మామూలు తోలు మూత పలికించే పై స్వరాలు అడుగు స్వరంతో పొంతన కుదరవు, కరణి బరువు వాటిని వరసలోకి తెస్తుంది. మృదంగం శ్రుతికి కలిసేది అందుకే.

సాధన గురించి ఎక్కువ చెప్పను. ఫోన్లో లయ కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టండి, అద్దం ముందు కూర్చోండి, చప్పుడు వినకుండా రెండు కర్రల ఎత్తులూ చూడండి. దిండు మీద కొడితే మణికట్టుకి బలం వస్తుంది, కానీ కర్ర తిరిగి లేవదు కాబట్టి ఒకే చేత్తో వరసగా రెండు కొట్టే డబుల్ స్ట్రోక్ దాని మీద నేర్చుకోవద్దు. నొప్పి పుడితే ఆపెయ్యాలి, పంతం పట్టకూడదు.

సరే, కర్రలు తియ్యండి. ఎడమ చేత్తో మొదలెడదాం, కుడిచేతివాటం వాళ్ళు కూడా.