రాతి ధూళి, ఊపిరితిత్తులు

శ్రోతలకు నమస్కారం.

గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో సాయంత్రం పని దిగే వేళ కనిపించే ఒక దృశ్యంతో ఈ ప్రసంగం మొదలుపెడతాను. పొద్దుటి నుంచి చేతి గ్రైండరుతో రాతి అంచులు అరగదీసిన మనిషి, ఇంటికి బయలుదేరే ముందు కంప్రెసర్ గొట్టం అందుకుని, తలమీదా చొక్కా మీదా గట్టిగా గాలి కొట్టుకుంటాడు. బూడిదరంగు దుమ్ము గుప్పున లేచి, అతని చుట్టూ కాసేపు తిరిగి, నేలకు దిగుతుంది. ఒళ్లు శుభ్రమైందని అతను అనుకుంటాడు. కాని నేలకు దిగిన దుమ్ముతో అంత భయం లేదు, దిగకుండా గాలిలోనే మిగిలిపోయిన దుమ్ముతోనే అసలు ప్రమాదం.

మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. పెద్ద రేణువులను ముక్కు, గొంతు ఆపి, చీమిడితోనూ కఫంతోనూ బయటకు పంపేస్తాయి. 5 మైక్రాన్లకు లోపున్న రేణువు మాత్రం కంటికి ఆనదు, గంటల తరబడి గాలిలో తేలుతుంది, పీల్చినప్పుడు ఊపిరితిత్తుల చిట్టచివర ఉన్న సన్నని గాలి గదుల దాకా చేరుతుంది. షెడ్డులో దుమ్మేమీ కనబడటం లేదు గనుక గాలి బాగానే ఉందని చెప్పడానికి వీల్లేకపోవడం ఇందువల్లనే.

అన్ని రాళ్ల ధూళీ ఒకటి కాదు. ప్రధాన ప్రమాదం అందులోని స్ఫటిక సిలికా అనే ఖనిజం వల్ల వస్తుంది. పలుగురాయి దాదాపు పూర్తిగా సిలికాయే. ఇసుకరాయిలో అది చాలా ఎక్కువ, కరీంనగర్ ప్రాంతంలో తీసే గ్రానైట్ రకాల్లో గణనీయంగా ఉంటుంది. తాండూరు బండ, బేతంచెర్ల రాయి సున్నపురాయి జాతివి కాబట్టి వాటిలో సాధారణంగా తక్కువ. అలాగని వాటి దుమ్ము పీల్చవచ్చునని కాదు. ఎవరు ఏ రాయి మీద పనిచేస్తున్నారో తెలిస్తే తప్ప వారి ఊపిరితిత్తులకు ఉన్న ముప్పు ఎంతో చెప్పలేమన్నది నా మాటల ఉద్దేశం.

గాలి గదిలోకి చేరిన సిలికా రేణువును శరీరంలోని రక్షక కణం మింగుతుంది. సూక్ష్మజీవినైతే అది అరిగించుకునేది, కాని రాయి అరగదు. రేణువును మింగిన కణమే చచ్చిపోతుంది, రేణువు మళ్లీ బయటపడుతుంది, దాన్ని మింగడానికి మరో కణం వస్తుంది. ఈ పోరాటం జరిగిన ప్రతి చోటా చుట్టూ గట్టి పీచు పేరుకుని, గాయం మానిన తరువాత చర్మం మీద మిగిలే మచ్చ వంటిదే ఊపిరితిత్తిలో ఏర్పడుతుంది. స్పాంజిలా సాగవలసిన భాగం అలా గట్టిపడిపోతుంది. ఇదే సిలికోసిస్. చాలామందిలో పది, పదిహేనేళ్ల తరువాతగాని బయటపడదు, ధూళి మరీ దట్టంగా ఉన్నచోట మాత్రం కొద్ది ఏళ్లలోనే, ఒక్కొక్కసారి నెలల్లోనే మనిషిని పడగొడుతుంది. ఏర్పడిన మచ్చను మాన్పే మందు లేదు. పని మానేసిన తరువాత కూడా జబ్బు ముదురుతూ పోవచ్చు.

చిన్నప్పుడు మనం పలక మీద దిద్దుకున్న బలపం వెనుక కూడా ఈ కథ ఉంది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రాంతంలో బలపాలు కోసే కార్మికులను 1980ల్లో అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశీలించినప్పుడు, సగానికి పైగా మందిలో సిలికోసిస్ కనబడింది. పిల్లల చేతికి అక్షరం అందించిన ఆ పనిలో ఎందరు తండ్రులు ఊపిరి పోగొట్టుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దగ్గు, ఆయాసం, బరువు తగ్గిపోవడం, ఎక్స్‌రేలో మచ్చలు: ఇవన్నీ చూడగానే మన దగ్గర ముందు తట్టేది టీబీ. సిలికా రక్షక కణాలను దెబ్బతీస్తుంది కాబట్టి ఈ కార్మికులకు టీబీ కూడా సులభంగా సోకుతుంది, అందుచేత కఫం పరీక్ష తప్పనిసరి. అయితే పరీక్షలో ఏమీ తేలకపోయినా టీబీ మందులే ఒక కోర్సు తరువాత మరొక కోర్సు వాడించి, మనిషిని తిరిగి అదే గ్రైండరు ముందుకు పంపడం ఘోరమైన పొరపాటు. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజీనీ 1700లో వృత్తి వ్యాధుల మీద తన గ్రంథం ప్రచురిస్తూ, రోగిని వైద్యుడు అడిగే ప్రశ్నలకు "నీవు ఏ పని చేస్తావు?" అన్నదాన్ని కూడా చేర్చాలని కోరాడు. మూడు వందల ఏళ్లు దాటినా, రద్దీగా ఉండే మన ఓపీ గదుల్లో ఆ ఒక్క ప్రశ్నకే తీరిక దొరకడం లేదు. వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి: ఏ రాయి, ఏ మిషను, ఎన్నేళ్లు, నీళ్లు పోస్తూ కోశారా, పొడిగా కోశారా.

నీళ్ల ప్రస్తావన ఎందుకంటే, ధూళిని పుట్టినచోటే అణచగల సాధనం అదే. బ్లేడు మీదా, డ్రిల్లు కొన మీదా నీరు పడుతూ ఉంటే ధూళిలో చాలా భాగం బురదగా మారి కిందికి జారిపోతుంది. ఆ బురదను కూడా తడిగా ఉండగానే ఎత్తివేయాలి, ఆరిన తరువాత చీపురుతో ఊడిస్తే మళ్లీ ధూళి లేస్తుంది. నీరు పెట్టలేని చోట దుమ్మును లాగేసే యంత్రాన్ని పనిముట్టుకే బిగించాలి. ముఖానికి చుట్టుకునే తువ్వాలు ఈ సన్నని రేణువులను ఆపలేదు. ఎన్95 వంటి మాస్కు, అదీ ముఖానికి సందు లేకుండా అతుక్కుంటేనే పనిచేస్తుంది, అయినా అది నీటికి తోడే గాని బదులు కాదు. కంప్రెసర్ గాలితో ఒళ్లు దులుపుకోవడం మాత్రం ఈ రోజు నుంచే మానేయాలి. పని బట్టలు ఇంటికి తెస్తే, ఉతికే ముందు వాటిని దులిపే ఇల్లాలు కూడా అదే ధూళి పీలుస్తుంది.

సిలికోసిస్‌ను గుర్తించిన వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే నిర్దేశించింది. నష్టపరిహారం ఇవ్వవలసిన వృత్తి వ్యాధుల్లోనూ ఇది ఉంది. అయినా, పరిహారం అడగబోతే, చేయించుకున్న పనికి కాగితం ఉండదు. గుజరాత్‌లోని గోధ్రా ప్రాంతంలో పలుగురాయి పొడి చేసే మిల్లులకు మధ్యప్రదేశ్ గిరిజన గ్రామాల నుంచి వలస వెళ్లి, ఈ జబ్బుతో మరణించిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2016లో. మానవ హక్కుల కమిషన్ ఆ మొత్తాన్ని సిఫారసు చేసిన ఆరేళ్లకు! కాబట్టి రాతి పనిలో ఉన్నవారు, కూలి చీటీ అయినా, హాజరు పుస్తకం పేజీ ఫొటో అయినా, పాత ఎక్స్‌రే ఫిల్ములతో కలిపి ఇంట్లో ఒకచోట భద్రంగా దాచుకోండి.

నమస్కారం.