ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తే కంగారు పడాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. శ్రోత ఒకరు తన కంప్యూటర్‌కు కొత్తగా ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 7600ఎక్స్ వేయించుకున్నారు. దాన్ని చల్లబరిచే కూలర్ మాత్రం పాతదే. వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టగానే 95 డిగ్రీలు చూపిస్తోందట. ప్రాసెసర్ కాలిపోతుందేమోనని ఆయన భయం.

అతిథి: కాలిపోదండీ. 2022 సెప్టెంబరులో వచ్చిన ఈ రకం చిప్పులను ఏఎండీ కావాలనే అలా రూపొందించింది. బరువైన పని పడితే 95 దాకా వెళ్లి, అక్కడి నుంచి వేగం తగ్గించుకుని సర్దుకుంటాయి. హద్దు చిప్పుకొకటి ఉంటుంది. ఏఎండీదే రైజెన్ 5800ఎక్స్3డీకి 90, ఇంటెల్ 13700కేకి 100.

వ్యాఖ్యాత: అయితే చూసుకోనక్కర్లేదా?

అతిథి: అలా అనలేదు! వేడి ఒక్కటే చూస్తే ఏమీ తెలియదంటున్నాను. పక్కన వాట్లు, వేగం కూడా కనబడాలి. విండోస్ టాస్క్ మేనేజర్ ప్రాసెసర్ వేడి చూపించదు, అందుకని ఇవన్నీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టుకోండి, ఉచితమే. పక్కన సినీబెంచ్ పది నిమిషాలు నడపండి, ప్రాసెసర్‌కు బరువైన పని పెట్టి స్కోరు ఇచ్చే ప్రోగ్రాం అది. ఈ చిప్పు 142 వాట్ల దాకా లాగగలదు. ఆ దరిదాపుల్లో ఉండి 95 చూపిస్తే దాని పని అది చేస్తోంది. 70 వాట్లకే 95 తాకి, వేగం కూడా పడిపోతుంటే కూలర్ సరిగా కూర్చోలేదని నా అనుమానం.

వ్యాఖ్యాత: అప్పుడు విప్పాల్సిందేనా?

అతిథి: విప్పాలి. చిప్పు వేడిని కూలర్‌కు అందించడానికి మధ్యలో రాసే థర్మల్ పేస్ట్ ముద్ర కూలర్ అడుగున ఎలా ఉందో చూడండి. అంతటా పలచగా పరుచుకుని ఉంటే మంచిదే. ఒక అంచున గట్టిగా నొక్కుకుని, రెండో అంచున మందంగా మిగిలిపోతే స్క్రూలు ఒకవైపే బిగించారన్నమాట. పాత పేస్ట్ తుడిచేసి, కొత్తది రాసి, ఎదురెదురు మూలలను కొంచెం కొంచెంగా బిగించాలి. కొత్త కూలరైతే అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారా లేదా చూసుకోండి. నవ్వకండి, అది తీయకుండానే బిగించేసేవారు ఉంటారు.

వ్యాఖ్యాత: విండోస్ మొదలవకముందు తెరిచే బయాస్ సెట్టింగుల్లో కనిపించే వేడి అంకెను నమ్మవచ్చా?

అతిథి: అబద్ధం కాదు గానీ, దాంతో తీర్పు చెప్పకండి. బయాస్‌లో ఉన్నప్పుడు విద్యుత్తు ఆదా చేసే ఏర్పాట్లు పూర్తిగా పనిచేయవు, ఖాళీగా ఉన్నా వేడి ఎక్కువే కనిపిస్తుంది. అంకెల మాటకొస్తే, 2017 నాటి రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్‌లు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి! అన్ని మోడళ్లలోనూ ఫ్యాన్ ఒకే తీరున తిరగాలని ఏఎండీయే అలా పెట్టింది. అప్పట్లో ఎంతమంది హడలిపోయారో.

వ్యాఖ్యాత: మన ఎండల సంగతి?

అతిథి: మే నెలలో రామగుండంలో ఏసీ లేని గదిలో చూసిన అంకెను జనవరి అంకెతో పోల్చకండి. గది 15 డిగ్రీలు వేడెక్కితే, అదే పనికి చిప్పు కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది, హద్దు తాకేదాకా. ఫ్యాన్ గది గాలినే కదా విసిరేది.

వ్యాఖ్యాత: ఆయనకు 95 చూస్తేనే నిద్ర పట్టడం లేదట.

అతిథి: అయితే బయాస్‌లో ఎకో మోడ్ అనే పొదుపు అమరికను 65 వాట్లకు పెట్టుకోమనండి. పేరుకు 65 అన్నా, చిప్పు లాగగలిగే 142 వాట్ల పరిమితి 88కి దిగుతుంది. ఫ్యాన్ మోత తగ్గుతుంది, ఆటల్లో తేడా పెద్దగా తెలియదు. ఎడిటింగ్‌లో కాస్త తెలియవచ్చు. మార్చే ముందు సినీబెంచ్ స్కోరు రాసుకుని, మార్చాక అదే గదిలో మళ్లీ నడిపితే ఎంత పోయిందో ఆయనకే తెలుస్తుంది.

వ్యాఖ్యాత: లినక్స్ వాడేవారికి?

అతిథి: ఎల్ఎం-సెన్సర్స్ అనే ప్రోగ్రాం వేసుకుని, టెర్మినల్‌లో సెన్సర్స్ అని కొడితే చాలు. రైజెన్ అయితే, ప్రాసెసర్ వేడిని చదివే డ్రైవర్ కే10టెంప్ పేరు కింద ఉన్న వరుస చూడాలి.