లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి ముఖ్యభాగంలో, వాడని ఇంటర్‌ఫేస్‌ని (వేరే కోడ్ పిలుచుకునే ఫంక్షన్‌నో, కాల్‌నో) ఎలా తీసేస్తారు?

(తెరపై: టెర్మినల్, ఎర్ర అక్షరాల్లో కంపైలర్ ఎర్రర్)

అమీర్‌పేటలో డివైస్ డ్రైవర్ల (హార్డ్‌వేర్‌ని నడిపించే కోడ్) కోర్సు చేసినవాళ్లలో చాలామందికి ఈ ఎర్రర్ పరిచయమే. ప్రాక్ అనే డైరెక్టరీలో ఫైలు తయారు చేయడానికి, నోట్స్‌లో ఉన్నట్టే 'క్రియేట్ ప్రాక్ ఎంట్రీ' అని కొట్టారు. కంపైలరేమో అలాంటి ఫంక్షనే లేదంటోంది. నిజమే, లేదు. 2013లో, లినక్స్ 3.10లోనే తీసేశారు. ఇప్పుడు 'ప్రాక్ క్రియేట్' వాడాలి. నోట్సే ఇంకా పాత లినక్స్ 2.6 దగ్గర ఆగిపోయాయి.

చెప్పా పెట్టకుండా ఎలా తీసేస్తారండీ అంటారా? కెర్నల్ లోపలి ఫంక్షన్లు ఎప్పటికీ ఉంటాయని ఎవరూ మాటివ్వలేదు. చూసేది ఒకటే: కెర్నల్ సోర్స్‌లో దాన్ని పిలిచే కోడ్ ఇంకా ఉందా? గచ్చిబౌలిలో మీ కంపెనీ బయటపెట్టకుండా దాచుకున్న డ్రైవర్ ఆ లెక్కలోకి రాదు. నాకైతే ఇది సబబే అనిపిస్తుంది. కంటికి కనబడని కోడ్ కోసం ఎన్నాళ్లని మోస్తారు?

ఎవరూ పిలవట్లేదని తేల్చుకోవడమే అసలు పని. సోర్స్‌లో పేరు వెతికిపెట్టే గిట్ గ్రెప్ ఒక్కటే నమ్ముకోకండి. కొన్ని మాక్రోలు (కంపైల్ అయ్యే ముందు అసలు కోడ్‌గా మారిపోయే పొట్టి పేర్లు) ముక్కలు అతికించి ఫంక్షన్ పేరు తయారు చేస్తాయి, పూర్తి పేరుతో వెతికితే దొరకదు. మీ ల్యాప్‌టాప్‌లో ఎక్స్86 ప్రాసెసర్‌కి బిల్డ్ అయింది కదా అని ఆర్మ్, పవర్‌పీసీ లాంటి వేరే ప్రాసెసర్లకీ అవుతుందని లేదు. వీలైనవన్నీ మాడ్యూళ్లుగా బిల్డ్ చేసే ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ పెట్టి, వేరే ప్రాసెసర్లకి కోడ్ తయారు చేసే క్రాస్ కంపైలర్లతో వాటికీ బిల్డ్ చేసి చూశాకే ప్యాచ్ (మీ మార్పు) పంపండి.

కెర్నల్‌ని పని అడగడానికి ప్రోగ్రాములు వాడే సిస్టమ్ కాల్స్ దగ్గర మాత్రం ఇంత చొరవ కుదరదు. యూజర్‌స్పేస్‌ని, అంటే కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాముల్ని, చెడగొట్టొద్దని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టు. కెర్నల్ సెట్టింగులు చదవడానికి, మార్చడానికి పెట్టిన సిస్‌సీటీఎల్ అనే కాల్ సంగతే చూడండి. ప్రాక్ సిస్ కింద ఉన్న ఫైళ్లతో అదే పని అయిపోతుంది. అయినా వెంటనే పీకేయలేదు. ఎవరైనా పిలిస్తే లాగ్‌లో హెచ్చరిక రాస్తూ ఏళ్లు గడిపారు. దాని అసలు కోడ్ పోయింది 2020 జనవరిలో, లినక్స్ 5.5లో.

(తెరపై: సిస్టమ్ కాల్ పట్టికలో 156వ వరుస)

64 బిట్ ఎక్స్86లో దాని నంబర్ 156. ఆ నంబర్‌ని ఇంకో కాల్‌కి ఇవ్వలేదు. రేపు కొండాపూర్ వెళ్లే 127కె బస్సు ఆపేసి, అదే నంబర్ ఉప్పల్ బస్సుకి తగిలించారనుకోండి. కొండాపూర్ వెళ్లాల్సినాయన ఉప్పల్‌లో దిగుతాడు! ఇక్కడ ఆ గొడవ లేదు. పాత ప్రోగ్రామ్ 156ని పిలిస్తే, అలాంటి కాల్ లేదని చెప్పే ఈనోసిస్ ఎర్రర్ వస్తుంది, అంతే.

కెర్నల్ సోర్స్‌లో డాక్యుమెంటేషన్ కింద ఏబీఐ (కెర్నల్‌కీ ప్రోగ్రాములకీ మధ్య ఉండే ఇంటర్‌ఫేస్) అని ఒక డైరెక్టరీ ఉంది. పోబోయేవి 'ఆబ్సలీట్'లో, పోయినవి 'రిమూవ్డ్'లో రాసి పెడతారు. డివైస్‌ల వివరాలు ఫైళ్లుగా చూపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఫైళ్లు చదివే ప్రోగ్రామ్ మీది అయితే, కెర్నల్ మార్చే ముందు ఆ రెండు ఫోల్డర్లూ తెరిచి చూడండి.